ఇంటికి తీసుకెళ్లిన బెల్టు

బ్రిటన్‌లో ఏటా జరిగే ఓపెన్ గోల్ఫ్ చాంపియన్‌షిప్ విజేతల పట్టికలో కొన్ని ఖాళీలు కనబడతాయి. 1915 నుంచి 1919 దాకా, మళ్లీ 1940 నుంచి 1945 దాకా పోటీ లేదు; ప్రపంచ యుద్ధాలు. 2020లో లేదు, కోవిడ్. ఈ మూడూ ఎవరూ అడగక్కర్లేని ఖాళీలు. నాలుగోది 1871. ఆ ఏడాది స్కాట్లండ్‌లో ఆటను ఆపేంత ఉపద్రవం ఏదీ రాలేదు. ఆడేవాళ్లున్నారు, ఆడే నేల ఉంది, చూడ్డానికి జనం ఉన్నారు. లేనిదల్లా బహుమతి. అంతకు ముందు ఏడాది 19 ఏళ్ల కుర్రవాడొకడు వరసగా మూడోసారి గెలిచి, నిబంధన ప్రకారం దాన్ని సొంతం చేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. ఈ పోటీ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా 1860లో మొదలుపెట్టి, తోలు బెల్టు దగ్గర్నుంచి వెండి కూజా దాకా ఒకే దారంలా లాక్కొస్తారు, 1871ని ఒక చిన్న ముడిగా దాటేస్తారు. నాకు మాత్రం ఆ దారం అక్కడ నిజంగానే తెగిందనిపిస్తుంది. ఒక ఊరి క్లబ్బు తన పనివాళ్ల కోసం పెట్టిన పందెం, దేశం మొత్తానికి చెందిన పోటీగా మారింది బహుమతిని భద్రంగా దాచుకున్నందువల్ల కాదు, అది చేజారినందువల్ల.

ఆ ఊరు ప్రెస్ట్‌విక్. స్కాట్లండ్ పడమటి తీరాన, ఎయిర్‌షైర్‌లో, ఇసుక దిబ్బల పక్కన ఉంటుంది. అక్కడి పెద్దమనుషులు 1851లో క్లబ్బు పెట్టుకుని, తూర్పు తీరంలోని సెయింట్ ఆండ్రూస్ నుంచి టామ్ మోరిస్ అనే 30 ఏళ్ల మనిషిని పిలిపించుకున్నారు. మైదానం చూసుకోవడం, బంతులూ కర్రలూ తయారుచేయడం, పెద్దమనుషులతో కలిసి ఆడటం, అన్నీ అతని పనే. ఉన్న కాస్త జాగాలో అతను 12 హోల్స్ పరిచాడు. ఒకదాని దారి ఇంకోదాన్ని అడ్డంగా కోసుకుపోయేది. అప్పట్లో ప్రొఫెషనల్ అంటే ఇలాంటివాడే. బంతులు చేసేవాడు, కర్రలు మోసే కేడీ, గడ్డి చూసుకునే మనిషి. ఈ సంప్రదాయం ఆటతోపాటే మన దేశానికీ వచ్చింది. బ్రిటిష్ దీవుల బయట అన్నిటికంటే పాతదైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829 నాటిది. రెండుసార్లు ఇండియన్ ఓపెన్ గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా అక్కడి గ్రీన్‌కీపర్ కొడుకే. ఆ రోజుల్లో ఇలాంటి ఆటగాళ్లకు డబ్బు కళ్లజూపింది బహుమతులు కాదు, పందేలు. 1849లో అలన్ రాబర్ట్‌సన్, టామ్ మోరిస్ ఒక జట్టుగా డన్ సోదరులతో మూడు మైదానాల మీద ఆడినప్పుడు ఒడ్డిన సొమ్ము 400 పౌండ్లు. అది ఆటగాళ్ల సొమ్ము కాదు, వాళ్ల వెనక నిలబడ్డ దొరలది. కోడి ఎవరిదైనా పందెం కాసింది ఆసామే.

ఈ ఏర్పాటులో ఎవడు గొప్ప ఆటగాడన్నదానికి లెక్కాపత్రం ఉండదు. అలన్ రాబర్ట్‌సన్ ఎప్పుడూ ఓడలేదని అందరూ నమ్మేవారు; 1858లో సెయింట్ ఆండ్రూస్‌లో 79 కొట్టి, అక్కడ 80 లోపు ముగించిన మొదటివాడనిపించుకున్నాడు. 1859 సెప్టెంబరులో అతను చనిపోయాడు. ఆ సింహాసనం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. క్లబ్బుల పెద్దమనుషులు తమలో తాము 1857 నుంచి మూడేళ్లపాటు పోటీలు పెట్టుకుని ఉన్నారు కాబట్టి, ఇప్పుడు పనివాళ్లకూ ఒకటి పెడదామన్న ఆలోచన ప్రెస్ట్‌విక్‌లో పుట్టింది. పేరున్న, మర్యాదగల కేడీలను పంపమని ఇతర క్లబ్బులకు ఉత్తరాలు వెళ్లాయి. 1860 అక్టోబరు 17న ఎనిమిదిమంది వచ్చారు. 12 హోల్స్‌ని ఒక్కరోజులో మూడు చుట్లు ఆడారు. మసెల్‌బరాకు చెందిన విల్లీ పార్క్ 174 దెబ్బల్లో ముగిస్తే, సొంత మైదానంలో ఆడిన మోరిస్‌కు 176 పట్టాయి. ఎనిమిదోవాడికి 232. ప్రతి జంట వెంటా లెక్క రాయడానికి ఒక పెద్దమనిషి నడిచాడు. కేడీల మాట మీద వాళ్లకున్న నమ్మకం అంతవరకే. వచ్చినవాళ్ల బట్టలు చూసి, వాళ్లు వేసుకోవడానికి ఎగ్లింటన్ ప్రభువు ఎస్టేటు కూలీల గళ్ల కోట్లు ఇప్పించారని కూడా చెబుతారు.

ఇక బెల్టు. ఎర్రటి మొరాకో తోలు, దాని మీద వెండి బిళ్లలు, ముందు వెడల్పాటి వెండి పట్టీ. క్లబ్బు సభ్యులు 25 పౌండ్లు పెట్టి చేయించారు. ఆ సొమ్ము ఎంతటిదో తెలియాలంటే, నాలుగేళ్ల తర్వాత సెయింట్ ఆండ్రూస్‌వాళ్లు టామ్ మోరిస్‌ను వెనక్కి పిలిపించుకున్నప్పుడు ఒప్పుకున్న జీతం ఏడాదికి 50 పౌండ్లు. అంటే దేశంలో పేరుమోసిన గ్రీన్‌కీపర్ ఆరు నెలల జీతం ఒక నడికట్టులో ఉంది. కప్పు కాకుండా బెల్టే ఎందుకన్నదానికి రెండు జవాబులు కలిసి పనిచేస్తాయి. క్లబ్బు పెద్దల్లో ముఖ్యుడు 13వ ఎగ్లింటన్ ప్రభువు. 1839లో తన కోట దగ్గర మధ్యయుగపు కవచాలూ ఈటెలూ గుర్రాలతో పెద్ద వేడుక జరిపించి, కుండపోత వానలో నవ్వులపాలైనవాడు. వీరులకు నడికట్టు కట్టించడమన్నది అతని అభిరుచికి సరిపోయే సంగతి. రెండోది, ఆ కాలంలో బెల్టు ముష్టియుద్ధం చేసేవాళ్ల బహుమతి. దొరలు చూడటానికి డబ్బు పోసేవాళ్లు, దెబ్బలు తినేది కింది తరగతివాళ్లు. మన గండపెండేరం లాగే ఇది ఒంటి మీద పెట్టుకునే గౌరవం. పొందినవాడి పేరుతోపాటు తొడిగించినవాడి పేరు కూడా ఊరేగుతుంది. అల్లసాని పెద్దన కాలికి పెండేరం తొడిగిన కథ చెప్పుకున్న ప్రతిసారీ కృష్ణదేవరాయల చేతులు కూడా మనకు కనబడతాయి కదా.

బెల్టుతోపాటు రాసుకున్న నిబంధన బెల్టుకంటే ఆసక్తికరంగా ఉంటుంది. గెలిచినవాడు దాన్ని వెంటనే పట్టుకుపోవడానికి లేదు. భద్రంగా ఉంచి వచ్చే పోటీనాటికి బల్ల మీద పెడతానని కమిటీకి నచ్చేలా పూచీ ఇచ్చేదాకా అది క్లబ్బు కోశాధికారి దగ్గరే ఉండాలి. వరసగా మూడుసార్లు గెలిస్తే మాత్రం పూర్తిగా అతని సొంతం. ఈ రెండు వాక్యాలూ ఒకదాని పక్కన ఇంకొకటి ఎలా నిలబడ్డాయి? ఏడాదిపాటు ఇంట్లో ఉంచడానికే నమ్మకం చాలని మనిషికి శాశ్వతంగా ఇచ్చేస్తామంటున్నారు. పెద్దమనుషులు తమ కోసం పెట్టుకున్న బహుమతులతో పోలిస్తే సంగతి విశదమవుతుంది. 1744లో ఎడిన్‌బరా నగరం లీత్ గోల్ఫర్లకు ఇచ్చిన వెండి కర్రను గెలిచినవాడు ఆ ఏటి కెప్టెన్ అయ్యేవాడు, తన పేర ఒక వెండి బంతిని దానికి వేలాడదీసేవాడు. కర్ర మాత్రం ఏనాడూ ఎవరి ఇంటికీ వెళ్లలేదు. అది సంఘం ఆస్తి, సంఘం చరిత్ర. ఎన్నాళ్లయినా ఉండబోయే సంస్థ తమదనుకున్నారు గనుక దానికి తగిన వస్తువు పెట్టుకున్నారు. కేడీల పోటీ మీద అలాంటి అంచనా లేదు. అది ఒక ఈనాము. పనివాడికిచ్చిన ఈనాము ఎప్పుడో ఒకప్పుడు పనివాడిదైపోవడం సహజమే. మూడేళ్లు వరసగా ఎవడు గెలుస్తాడులే అన్న ధీమా కూడా ఉండే ఉంటుంది.

రెండో ఏడాదే ఈ పోటీ లోకంలో ఎవరైనా ఆడవచ్చని ఫెయిర్లీ అనే క్లబ్బు పెద్ద ప్రకటించాడు. ఓపెన్ అన్న పేరుకు మూలం అదేనంటారు. (పెద్ద టామ్, అంటే టామ్ మోరిస్, తన కొడుకుల్లో ఒకడికి ఈ ఫెయిర్లీ పూర్తి పేరే, జేమ్స్ ఓగిల్వీ ఫెయిర్లీ అని, పెట్టుకున్నాడు. యజమానికీ పనివాడికీ ఉన్న బంధం ఎలాంటిదో ఆ ఒక్క పేరు చెబుతుంది.) ప్రకటనను బట్టి చూస్తే 1861లోనే ఊరి పోటీ లోకానిదైపోయింది గదా, 1870 దాకా ఆగడం దేనికని అడగవచ్చు. తలుపు తీసిపెట్టడం వేరు, జనం లోపలికి రావడం వేరు. ఆ పదేళ్లలో మొత్తం పోటీ ప్రెస్ట్‌విక్ 12 హోల్స్ మీదే జరిగింది. గెలిచినవాళ్లు నలుగురే: పార్క్, పెద్ద టామ్, ఆండ్రూ స్ట్రాత్, ఆ తర్వాత మోరిస్ కొడుకు చిన్న టామ్. 1864 దాకా మొదటి బహుమతికి చిల్లిగవ్వ లేదు. ఆ ఏడు 6 పౌండ్లు ఇచ్చారు. ఇతర క్లబ్బులు మనుషుల్ని పంపేవే తప్ప మైదానం గానీ సొమ్ము గానీ కలిపింది లేదు. ఎవరైనా రావచ్చన్న ఊరి పోటీ కూడా ఊరి పోటీయే.

బెల్టు 1863లోనే పోవలసింది. పెద్ద టామ్ 1861లో, 1862లో గెలిచాడు; రెండోసారి ఏకంగా 13 దెబ్బల తేడాతో. మూడో ఏడు పార్క్ 168, అతను 170. రెండు దెబ్బలు అటూ ఇటూ అయితే చరిత్ర మరోలా ఉండేది. ఆ తర్వాత అతను ఇంకో రెండుసార్లు గెలిచాడు గానీ వరస కుదరలేదు. కుదిరింది కొడుకుకి. చిన్న టామ్ 1851లో, అంటే క్లబ్బు పుట్టిన ఏడాదే పుట్టాడు. పసిబిడ్డగా ప్రెస్ట్‌విక్ వచ్చి, తండ్రి పరిచిన ఆ దిబ్బల మీదే నడక నేర్చాడు. 17 ఏళ్లకు, 1868లో, తండ్రిని రెండో స్థానానికి నెట్టి గెలిచాడు. 1869లో మళ్లీ గెలిచాడు. 1870లో అతను ఆడిన తీరు మాత్రం ఒక్క అంకెతో తేల్చేది కాదు. మొదటి హోల్ 578 గజాలు. హికరీ కర్ర, చెట్టు పాలతో చేసిన గట్టాపర్చా బంతి. ఇవాళ్టి పరికరాలతోనే రెండు దెబ్బల్లో గ్రీన్ చేరడం గగనమైన దూరం. చిన్న టామ్ మూడో దెబ్బకు బంతిని గుంటలోనే వేశాడు. ఆ చుట్టు 47లో ముగించి, మూడు చుట్లు కలిపి 149తో, రెండో స్థానంవాళ్లకంటే 12 దెబ్బలు ముందు నిలిచాడు. బెల్టు నడుముకు పెట్టుకుని దిగిన ఫోటో ఒకటి ఉంది. వెడల్పాటి ఆ పట్టీ అతని సన్నటి నడుము మీద మరీ పెద్దదిగా, కాస్త బరువుగా కనబడుతుంది. అయినా తీసుకొచ్చి బల్ల మీద పెడతానని పూచీ ఇవ్వాల్సిన పని ఇక లేదు.

ఇప్పుడు ప్రెస్ట్‌విక్ ముందున్న ప్రశ్న చాలా సాదాసీదాది. ఇంకో బెల్టు కొనాలా? 1871 వసంతంలో జరిగిన క్లబ్బు సమావేశంలో గిల్బర్ట్ మిచెల్ ఇన్నెస్ అనే సభ్యుడు ప్రతిపాదన పెట్టాడు. సెయింట్ ఆండ్రూస్, మసెల్‌బరా తదితర క్లబ్బులు కూడా ఖర్చులో కలిసి, అనేక మైదానాల మీద ఆడే బెల్టు వచ్చే అవకాశం ఉండగా, ఒక్క ప్రెస్ట్‌విక్‌లోనే ఆడటానికి మనమే ఒకటి కొనడం తగదని దాని సారం. వ్యతిరేకించినవాళ్లున్నారు, కానీ ప్రతిపాదన నెగ్గింది. తర్వాత మాటలు సాగుతూనే ఏడాది గడిచిపోయింది. ఆ ఖాళీయే పట్టికలో 1871. చివరకు 1872 సెప్టెంబరులో ప్రెస్ట్‌విక్, సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ క్లబ్బు, మసెల్‌బరాలో ఆడే ఎడిన్‌బరా గోల్ఫర్ల సంఘం తలా 10 పౌండ్లు వేసుకుని వెండి కూజా చేయించడానికి, పోటీని మూడు చోట్లా వంతులవారీగా జరపడానికి ఒప్పుకున్నాయి. ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే ప్రెస్ట్‌విక్‌లో పోటీ జరిగింది, 8 మందే ఆడారు, మళ్లీ చిన్న టామే గెలిచాడు. కూజా ఇంకా తయారు కాకపోవడంతో పతకం ఇచ్చి పంపారు. మరుసటి ఏడు సెయింట్ ఆండ్రూస్‌లో ఆడినవాళ్లు 20 మందికి పైగా ఉన్నారు. కూజా అందుకున్న మొదటివాడు ఆ ఊరి కేడీ టామ్ కిడ్. దాని మీద చెక్కిన మొదటి పేరు మాత్రం 1872 విజేతది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. బెల్టు పోకపోయినా ఇదంతా జరిగేదే, కారణం రైలు, అంటారు. గోల్ఫ్ ఎలాగూ వ్యాపిస్తోంది, కొత్త క్లబ్బులు పుడుతున్నాయి, చవక బంతులొచ్చాయి, పట్టణాల్లో కాస్త తీరిక దొరికిన మధ్యతరగతి పెరుగుతోంది. ఇవన్నీ నిజాలే. కానీ కాలక్రమం చూడండి. గ్లాస్గో నుంచి ప్రెస్ట్‌విక్ మీదుగా వెళ్లే రైలుమార్గం 1840 నాటికే నడుస్తోంది. గట్టాపర్చా బంతి 1848 ప్రాంతంలో వచ్చింది. ఈ రెండూ ఉండగానే పదేళ్లపాటు పోటీ ఒకే చోట, ఒకే క్లబ్బు ఖర్చుతో జరిగింది. వాటా ఇస్తామని ఎవరూ ముందుకు రాలేదు, తీసుకోమని ప్రెస్ట్‌విక్ ఎవరినీ అడగలేదు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గరకు చేర్చింది 25 పౌండ్ల బిల్లు. మిచెల్ ఇన్నెస్ ప్రతిపాదన ఆట వ్యాప్తి గురించి మాట్లాడదు, కొనాలా వద్దా అన్నదే మాట్లాడుతుంది. పెద్ద కారణాలు పోటీని పెద్దది చేయగలవని ఒప్పుకుంటాను. కానీ అది ప్రెస్ట్‌విక్ పోటీగానే పెద్దదైతే వేరు, ఎవరి సొంతమూ కాని పోటీగా పెద్దదైతే వేరు. రైలు మొదటిదాన్ని వివరిస్తుంది, రెండోదాన్ని వివరించదు.

ఇంకో అభ్యంతరం దీనికి తలకిందుల వైపు నుంచి వస్తుంది. బహుమతి పోవడమే మేలు చేసిందంటే, 1863లో పోయినా అదే జరగాలి కదా? జరిగేది కాదనే అనుకుంటున్నాను. నాలుగేళ్లయినా నిండని పోటీ, గుప్పెడుమంది ఆటగాళ్లు, గెలిచినా డబ్బు రాని బహుమతి. అప్పుడు బెల్టు పెద్ద టామ్ ఇంటికి వెళ్లివుంటే ఈనాము ముట్టింది, పని అయిపోయింది అనుకుని మరచిపోయే ప్రమాదమే ఎక్కువ. నిబంధన ఒక్కటే చాలదు; ఆ నిబంధన అమలైనప్పుడు అందరికీ వెలితి తెలియాలి. 1870 నాటికి ఆ వెలితి తెలిసేలా చేసింది చిన్న టామ్ ఆట. అతన్ని చూడ్డానికి జనం వచ్చేవారు, పత్రికలు రాసేవి. ఇలాంటిదే సరిగ్గా వందేళ్లకు ఫుట్‌బాల్‌లో జరిగింది. మూడుసార్లు గెలిచినవాళ్లదేనన్న నిబంధన ప్రకారం 1970లో జూల్స్ రిమే కప్పును బ్రెజిల్ పూర్తిగా సొంతం చేసుకుంది. తర్వాత చేయించిన ప్రపంచ కప్పును మాత్రం ఎన్నిసార్లు గెలిచినా ఎవరికీ ఇచ్చేయకూడదని ఫిఫా ముందే జాగ్రత్తపడింది. ఇచ్చేసిన కప్పు 1983లో రియోలో దొంగలపాలైంది. పంచిపెట్టే బహుమతి, పట్టి ఉంచుకునే బహుమతి అన్న తేడా ఏ ఆటకైనా ఇలా ఒక్కసారి మాత్రమే తగులుతుంది, రెండోసారి తగలనివ్వరు.

కూజా విషయంలోనూ తగలనివ్వలేదు. దీన్ని ఎవరూ ఎప్పటికీ సొంతం చేసుకోవడానికి లేదు. ఆ కొత్త నియమానికి ఖరీదు చెల్లించినవాళ్లు వెంటనే దొరికారు. జేమీ ఆండర్సన్ 1877 నుంచి 1879 దాకా వరసగా మూడుసార్లు గెలిచాడు. బాబ్ ఫెర్గూసన్ 1880 నుంచి 1882 దాకా మూడుసార్లు గెలిచి, నాలుగోసారి టై అయ్యాక ఓడాడు. పదేళ్లు ముందు పుట్టివుంటే వీళ్లిద్దరి ఇళ్లలోనూ ఒక్కో బెల్టు ఉండేది. ఆండర్సన్ 1905లో పేదల ఆశ్రమంలో చనిపోయాడు. ఫెర్గూసన్ జబ్బుపడి లేచాక మసెల్‌బరాలో మళ్లీ కేడీ పనికి వెళ్లాడు. కూజా రూపం కూడా ఏమంత అమాయకమైనది కాదు. ఎడిన్‌బరాలోని మెకే కనింగమ్ కంపెనీ చేసిన ఆ వస్తువు క్లారెట్ అనే ఎర్ర ద్రాక్షసారా పోసుకునే కూజా నమూనా. అది గోల్ఫ్ క్లబ్బుల విందు బల్లల మీది వస్తువు, కేడీల ఇళ్లలోది కాదు. నడుముకు కట్టుకునే వస్తువు పోయి భోజనాల బల్ల మీది వస్తువు వచ్చింది. పోటీ ఈనాము స్థాయి దాటి సంస్థ అయిందనడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు ఉండదు. 1920లో నిర్వహణ అంతా ఆర్ అండ్ ఏ చేతికి వచ్చింది. 1927లో బాబీ జోన్స్ గెలిచాక అసలు కూజాను తమ దగ్గరే ఉంచుకోవాలని నిర్ణయించారు. 1922లో, 1924లో అసలు కూజా అందుకున్న వాల్టర్ హేగన్ 1928లో గెలిస్తే నకలు చేతికొచ్చింది. ఇవాళ టీవీలో విజేత ముద్దుపెట్టుకునేది ఆ నకలునే, అదీ ఏడాది తర్వాత తిరిగి ఇచ్చే షరతు మీద.

పాత వస్తువులను బట్టి చరిత్ర రాయడంలో ఉన్న చిక్కు ఇక్కడే. వెండి మిగులుతుంది, మనుషులు చేతులతో చేసిన పని మిగలదు. ఎత్తయిన టోపీ నిండా ఈకలను ఒక చిన్న తోలు సంచిలోకి కూరి కుట్టిన బంతులు అలన్ రాబర్ట్‌సన్ దుకాణంలో తయారయ్యేవి. గట్టాపర్చా వచ్చాక అవి మూలపడ్డాయి. ఆ కొత్త బంతి వల్లనే అతనికీ టామ్ మోరిస్‌కూ చెడిందని, మోరిస్ ప్రెస్ట్‌విక్ బయల్దేరడానికి అదొక కారణమనీ చెబుతారు. ఇవాళ మ్యూజియంల్లో ఆ బంతులు కొన్ని ఉన్నాయి, కానీ రాబర్ట్‌సన్ ఆట రుజువులేవీ లేవు. అతను గెలిచిన బెల్టు లేదు, కాబట్టి అతను కథగానే మిగిలాడు. రుజువు లేనిచోట కథలు ఎలా మొలుస్తాయో చెప్పడానికి మనకు సంబంధించిన ముచ్చటే ఒకటుంది. ఇండియా నుంచి సెయింట్ ఆండ్రూస్‌కు ఒక విష్ణుమూర్తి విగ్రహం పెట్టెలో వచ్చిందని, అది పగలకుండా చుట్టూ కూరిన గట్టాపర్చా ముక్కలతోనే మొదటి గోల్ఫ్ బంతి చేశారని గోల్ఫ్ పుస్తకాల్లో తరచూ కనబడుతుంది. గట్టాపర్చా మలయా అడవుల్లోని చెట్టు పాలు. 1843 ప్రాంతంలో దాని నమూనాలు సింగపూర్ నుంచి లండన్ చేరుతున్నాయి. విగ్రహం కథ పూర్తిగా అబద్ధమనలేం గానీ, దాన్ని మోసుకొచ్చింది సాక్ష్యం కాదు, చెప్పుకోవడానికి బాగుండటం.

బహుమతి పంచుకున్న ప్రెస్ట్‌విక్‌కు చివరికి ఏం మిగిలిందన్నది కూడా చూడాలి, ఎందుకంటే నా వాదనలో ఒక నష్టం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1882లో క్లబ్బు మైదానాన్ని 18 హోల్స్‌కు పెంచింది. మొత్తం 24 సార్లు ఓపెన్ అక్కడ జరిగింది. 1890లో మొదటిసారి ఒక ఇంగ్లీషువాడు, అదీ డబ్బు తీసుకోని ఆటగాడు జాన్ బాల్, అక్కడే గెలిచాడు. 1925లో చివరి రోజున రైళ్లలో దిగిన జనం ఇరుకైన దారులను ముంచెత్తారు. ఐదు దెబ్బల ఆధిక్యంతో ఉన్న మెక్‌డొనాల్డ్ స్మిత్, బంతి ఎక్కడ పడుతోందో కనబడని గుంపు మధ్య 82 కొట్టి చేజార్చుకుంటే, జిమ్ బార్న్స్ గెలిచాడు. ఆ తర్వాత ఓపెన్ మళ్లీ అక్కడికి రాలేదు. ఏ రైలునైతే పోటీ పెరగడానికి కారణమంటారో అదే పోటీని పుట్టిన ఊరి నుంచి వెళ్లగొట్టింది. 1860లో మొదటి దెబ్బ కొట్టిన చోట ఇప్పుడొక రాళ్ల గుట్ట కట్టి గుర్తు పెట్టారు. పోటీని తనదిగానే అట్టిపెట్టుకునివుంటే ప్రెస్ట్‌విక్‌కు ఏటా ఒక చక్కని పాత పోటీ మిగిలేది, ఓపెన్ మిగిలేది కాదు.

చివరి అభ్యంతరం బెల్టు గురించే. అది ఇంటికెళ్లిందని ఇంతగా చెబుతున్నారు, కానీ ఇప్పుడది సెయింట్ ఆండ్రూస్‌లో ఆర్ అండ్ ఏ దగ్గర, అసలు కూజా పక్కనే ఉంది కదా. పెద్దమనుషుల వస్తువు చివరికి పెద్దమనుషుల దగ్గరికే చేరింది, మధ్యలో ఒక కుటుంబం కొన్నాళ్లు దాచిందంతే, అనవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. చిన్న టామ్ 1875 క్రిస్మస్ నాడు 24 ఏళ్లకే చనిపోయాడు. ఆ సెప్టెంబరులోనే భార్య, పుట్టిన బిడ్డ పోయారు. బెల్టు తండ్రి దగ్గరే ఉండిపోయింది. 33 ఏళ్లపాటు క్లబ్బులు ఓపెన్‌ను ఎక్కడెక్కడికో తీసుకెళ్లాయి, సరిహద్దు దాటించి ఇంగ్లండ్‌కు కూడా చేర్చాయి, కానీ ఆ ఇంట్లోని వస్తువును ఎవరూ తిరిగి అడగలేకపోయారు. 1908లో పెద్ద టామ్ మెట్ల మీంచి పడి చనిపోయాక అతని మనవలు దాన్ని ఇచ్చేశారు. ఇచ్చింది కొనిపెట్టిన ప్రెస్ట్‌విక్‌కు కాదు, 50 పౌండ్ల జీతం మీద తమ తాతను సొంత ఊరికి పిలిపించుకున్న సెయింట్ ఆండ్రూస్ క్లబ్బుకు. ఎవరికివ్వాలో తేల్చుకునే హక్కు 1870 సెప్టెంబరు నుంచీ ఆ కుటుంబానిదే.